బరువులెత్తే యంత్రాలు, నడిపే మనుషులు: శిక్షణ రికార్డులపై సమీక్ష

క్రేను, హైడ్రా (బరువును మోసుకుంటూ కదిలే చక్రాల క్రేను), ఫోర్క్‌లిఫ్ట్, గూడ్స్ లిఫ్ట్, చైన్ బ్లాక్ వంటి యంత్రాలను ఎవరు నడపవచ్చో, ఆ పని వారికి ఎవరు ఎప్పుడు నేర్పారో, నేర్చుకున్నది చేతికి వచ్చిందని ఎవరు పరీక్షించి తేల్చారో చెప్పే రాతపూర్వక ఆధారమే శిక్షణ రికార్డు. ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉంటాయి. మొదటిది శిక్షణ: పాఠం చెప్పారు, యంత్రం మీద చేయించారు. రెండోది సామర్థ్యం: చేయించిన పనిని మనిషి ఒంటరిగా, తప్పు లేకుండా చేయగలడని పరీక్షలో తేలింది. మూడోది అనుమతి: ఫలానా సంస్థలో, ఫలానా యంత్రాన్ని నడపమని యాజమాన్యం సంతకం చేసి అప్పగించింది. చాలాచోట్ల మొదటిదాని కాగితం ఒక్కటే ఉంటుంది, దాన్నే మిగతా రెండింటికీ రుజువుగా చూపిస్తుంటారు. ప్రమాదం జరిగాక విచారణలో ముందుగా బయటపడే లోపం ఇదే.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల చుట్టూ ఉన్న డెల్టా ప్రాంతంలో ఈ ప్రశ్న ఎక్కడెక్కడ తలెత్తుతుంది, చట్టం ఏం చెబుతోంది, మంచి రికార్డులో ఏం ఉండాలి, చిన్న సంస్థ దాన్ని ఎలా నిర్వహించుకోవచ్చు అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

ఈ ప్రాంతంలో ఎత్తుడు పని

డెల్టాలో భారీ కర్మాగారాలు తక్కువ. బరువులెత్తే పని చిన్న చిన్న చోట్ల చెదిరి ఉంటుంది. తెనాలి చుట్టుపక్కల రైసు మిల్లుల్లో ధాన్యాన్ని బకెట్ ఎలివేటర్లు పైకి చేరవేస్తాయి, బస్తాలను హమాలీలు మోస్తారు. మోటారు, గేర్‌బాక్సు, బాయిలర్ విడిభాగం వంటివి మార్చాల్సి వచ్చినప్పుడు చైన్ బ్లాక్ కట్టడమో, హైడ్రాను అద్దెకు పిలిపించడమో తప్పదు. పసుపు మార్కెట్‌కు పేరున్న దుగ్గిరాల వైపు శీతల గిడ్డంగుల్లో సరుకును పై అంతస్తులకు చేర్చాలి. రేపల్లెకు దిగువన ఉన్న నిజాంపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మర బోట్ల ఇంజన్లను పైకి తీసి మరమ్మతు చేస్తారు. విజయవాడ–గూడూరు మూడో రైల్వే లైను తెనాలి, బాపట్ల మీదుగానే వెళ్తుంది. ఆ లైను పనులకూ, రేపల్లె, బాపట్లలను కలుపుతూ సాగే 216వ నంబరు జాతీయ రహదారి పనులకూ, ఊళ్లలో కరెంటు స్తంభాలు పాతడానికీ, ట్రాన్స్‌ఫార్మర్లు దించడానికీ క్రేన్లు కావాలి.

ఈ చిత్రంలో రెండు లక్షణాలు రికార్డుల విషయంలో కీలకం. ఒకటి, యంత్రం, దాన్ని నడిపే మనిషి సాధారణంగా అద్దె మీద వస్తారు. పని చేయించుకునే మిల్లు యజమానికి ఆపరేటర్ చరిత్ర తెలియదు. రెండోది, పని గంటలో అయిపోతుంది. ఉదయం తెనాలిలో మోటారు దించిన హైడ్రా మధ్యాహ్నానికి రేపల్లెలో స్తంభం నిలబెడుతుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడిన తర్వాత రేపల్లె ఆ జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. ఒకే ఆపరేటర్ ఒక్క రోజులో రెండు జిల్లాల్లో ముగ్గురు యజమానుల కోసం పనిచేయడం ఇక్కడ వింత కాదు. పైగా పని చేయించుకున్న ఏ యజమాని పుస్తకంలోనూ అతని పేరు ఉండదు.

చట్టం ఏం అడుగుతోంది

ఈ విషయంలో దశాబ్దాల పాటు ప్రధాన ఆధారం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. దాని 28వ సెక్షన్ హాయిస్టులు, లిఫ్టులను ఆరు నెలలకు ఒకసారైనా అర్హత గల వ్యక్తి క్షుణ్ణంగా తనిఖీ చేయాలంది. 29వ సెక్షన్ క్రేన్లు, గొలుసులు, తాళ్లు, ఎత్తే సామగ్రి గురించినది. వాటిని 12 నెలలకు ఒకసారైనా తనిఖీ చేయించి, రిజిస్టరులో రాయాల్సి ఉండేది. సురక్షితంగా ఎత్తగల బరువును యంత్రం మీద స్పష్టంగా చూపాలని, దానికి మించి ఎత్తకూడదని నియమం ఉండేది. పట్టాల మీద నడిచే క్రేను దారిలో మనిషి పనిచేస్తుంటే, అతనికి 6 మీటర్ల లోపు క్రేను రాకుండా చూడాల్సి ఉండేది.

శిక్షణ ప్రస్తావన వేరే సెక్షన్లలో ఉండేది. 1987 సవరణతో వచ్చిన 7ఏ సెక్షన్ కార్మికుల భద్రతకు కావలసిన సమాచారం, బోధన, శిక్షణ, పర్యవేక్షణ కల్పించడం యాజమాన్యం బాధ్యత అని చెప్పింది. అదే సవరణతో వచ్చిన 111ఏ సెక్షన్, భద్రతకు సంబంధించిన సమాచారం అడిగే హక్కును, శిక్షణ పొందే హక్కును కార్మికుడికి ఇచ్చింది. పేరు రాసి ఉంచాలన్న నియమం మాత్రం 22వ సెక్షన్‌లో కనిపించేది. తిరుగుతున్న యంత్రం దగ్గర పరీక్ష, నూనె వేయడం వంటి పనులను ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుష కార్మికుడే చేయాలని, అతని పేరు నిర్దేశించిన రిజిస్టరులో నమోదై ఉండాలని, నియామక ధ్రువపత్రం అతని చేతికి ఇవ్వాలని అది చెప్పింది. మనిషి, శిక్షణ, రిజిస్టరు, ధ్రువపత్రం అనే నాలుగూ ఒకే వాక్యంలో కలిసిన చోటు ఇది. క్రేను ఆపరేటర్ విషయంలో 29వ సెక్షన్ అంత సూటిగా చెప్పలేదు.

నిర్మాణ రంగానికి 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, దాని కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు వర్తించాయి. ఎత్తే యంత్రం ఆపరేటర్‌కు 18 ఏళ్లు నిండి ఉండాలని, ఆ పనిలోని ప్రమాదాలు తెలిసిన సమర్థుడై ఉండాలని ఆ నియమాలు చెప్పాయి. పనిలో చేరే ముందు వైద్య పరీక్ష చేయించాల్సి ఉండేది. ఆ తర్వాత 40 ఏళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, దాటాక ఏటా చేయించాల్సి ఉండేది. ఓడరేవుల్లో సరుకు ఎత్తుడు దించుడు పనికి 1986 నాటి డాక్ కార్మికుల చట్టం, 1990 నిబంధనలు ఉండేవి.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఇలాంటి 13 కేంద్ర చట్టాలను ఒక్కటిగా కలిపింది. కేంద్రం దాన్ని 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చింది. డెల్టా సంస్థలకు ఇందులో గమనించవలసిన మార్పు ఒకటుంది. పాత చట్టంలో విద్యుత్తు వాడే చోట 10 మంది పనిచేస్తే ఫ్యాక్టరీ అయ్యేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20, విద్యుత్తు వాడని చోట 40. అంటే కొన్ని చిన్న మిల్లులు ఫ్యాక్టరీ అనే నిర్వచనం బయటికి వెళ్తాయి. అయితే 10 మంది, ఆపైన పనిచేసే సంస్థలన్నింటికీ కోడ్‌లోని యాజమాన్య బాధ్యతలు వర్తిస్తాయి కనుక, శిక్షణ ఇవ్వవలసిన పని తప్పిపోదు.

యంత్రానికి ఉన్న కాగితం మనిషికి లేదు

ఈ చట్టాలన్నీ కలిపి చూస్తే ఒక అసమానత కనిపిస్తుంది. యంత్రానికి గడువు ఉంది, తనిఖీదారు ఉన్నాడు, రిజిస్టరు ఉంది. యంత్రం నడిపే మనిషి సామర్థ్యానికి మాత్రం అంత స్పష్టమైన గడువు, నమూనా లేవు. దేశమంతటికీ చెల్లే ఒకే క్రేను ఆపరేటర్ లైసెన్సు భారతదేశంలో లేదు.

పొరుగు వృత్తుల్లో పరిస్థితి వేరు. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర నిలబడే అటెండెంట్‌కు ప్రభుత్వ పరీక్ష ద్వారా వచ్చే యోగ్యతా ధ్రువపత్రం ఉండాలి. వైరింగు చేసేవారికి వైర్‌మన్ పర్మిట్ ఉంటుంది. సింగరేణి వంటి గనుల్లో వైండింగ్ ఇంజను నడిపేవారికి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పరిధిలోని పరీక్ష ద్వారా ధ్రువపత్రం వస్తుంది. రైల్వేలో భద్రతతో ముడిపడిన ఉద్యోగాలకు యోగ్యతా పత్రం, కాలపరిమితి, పునశ్చరణ శిక్షణ, వైద్య పరీక్ష అన్నీ కలిసి నడుస్తాయి. ఒకే మిల్లు ఆవరణలో బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ అడిగితే దొరుకుతుంది, అదే బాయిలర్ విడిభాగాన్ని గాలిలోకి లేపే హైడ్రా ఆపరేటర్‌ను అడిగితే డ్రైవింగ్ లైసెన్సు తీసి చూపిస్తాడు. ఆ లైసెన్సు రోడ్డు మీద బండి నడపడానికే రుజువు. ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో చెప్పే లోడ్ చార్టు చదవగలడా, వేలాడే బరువుతో మలుపు తిరిగేటప్పుడు బండి ఒరగకుండా చూసుకోగలడా అన్నది అందులో ఉండదు.

చట్టం వదిలిన ఈ ఖాళీని పూరించేది సంస్థ సొంతంగా రాసిపెట్టుకునే రికార్డే. అందుకే దీన్ని తనిఖీ అధికారి కోసం దాచుకునే కాగితంగా చూడడం సరికాదు. ఆపరేటర్ చేతికి మీట ఇవ్వవచ్చా లేదా అన్న నిర్ణయానికి వేరే ఆధారం లేదు.

రికార్డులో ఏమేం ఉండాలి

మంచి రికార్డు మనిషి పేరుతో మొదలవుతుంది గాని తరగతి పేరుతో కాదు. ‘ఫలానా తేదీన 30 మందికి భద్రతా శిక్షణ’ అన్న హాజరు పట్టీ ఎవరి సామర్థ్యాన్నీ చెప్పదు. ప్రతి ఆపరేటర్‌కూ విడిగా ఒక పుట ఉండాలి. ఫొటో, పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు వివరం, పనిలో చేరిన తేదీ పైన ఉంటాయి. వాటి కింద కనీసం ఈ విషయాలు రావాలి.

మొదటిది యంత్రం రకం, సామర్థ్యం. ‘క్రేను’ అని రాస్తే చాలదు. ఓవర్‌హెడ్ క్రేను, హైడ్రా, టవర్ క్రేను, ఫోర్క్‌లిఫ్ట్ ఒకదానికొకటి పోలికలేని యంత్రాలు. 5 టన్నుల ఓవర్‌హెడ్ క్రేను నడిపినవాడికి 14 టన్నుల హైడ్రా అప్పగించకూడదు.

రెండోది నేర్పిన అంశాలు, పాఠానికీ అభ్యాసానికీ పట్టిన గంటలు విడివిడిగా. రోజూ పని మొదలుపెట్టే ముందు చేసే తనిఖీ, లోడ్ చార్టు, లిమిట్ స్విచ్‌లు, చేతి సంకేతాలు, కరెంటు తీగల దగ్గర పాటించవలసిన దూరం, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పని ఆపడం ఇందులో వస్తాయి. సముద్రపు గాలి వీచే బాపట్ల తీరంలో, వరి చేల మీదుగా తీగలు సాగే డెల్టా రోడ్ల మీద చివరి రెండూ తప్పనిసరి పాఠాలు. కాలువ గట్టు మీద, మెత్తని నల్లరేగడి నేలలో అవుట్‌రిగ్గర్ల (క్రేను ఒరగకుండా నేలకు ఆనించే కాళ్ల) కింద దళసరి దిమ్మెలు వేయడం కూడా ఇక్కడి ఆపరేటర్ నేర్చుకోవలసినదే.

మూడోది పరీక్ష: తేదీ, చేయించిన పని, ఫలితం, పరీక్షించిన వ్యక్తి పేరు, అతని అర్హత, సంతకం. నేర్పినవారు, పరీక్షించినవారు వేర్వేరు మనుషులైతే మేలు. నాలుగోది వైద్య పరీక్ష తేదీ, ముఖ్యంగా చూపు, వినికిడి, తదుపరి పరీక్ష గడువు. అయిదోది అనుమతి పత్రం: ఏ యంత్రం, ఏ ఆవరణ, ఏ తేదీ వరకు, ఏ పరిమితులతో. ఆరోది తర్వాతి చరిత్ర: పునశ్చరణ శిక్షణలు, త్రుటిలో తప్పిన ప్రమాదాలు, వాటి తర్వాత తీసుకున్న చర్య.

ఆపరేటర్ ఒక్కడి రికార్డుతో పని పూర్తికాదు. బరువుకు స్లింగు (ఎత్తడానికి కట్టే తాడు లేదా గొలుసు) కట్టే రిగ్గర్, సంకేతాలిచ్చే సిగ్నల్‌మన్, మొత్తం పనిని పర్యవేక్షించే సూపర్‌వైజర్‌కు కూడా రికార్డు ఉండాలి. కారణం లెక్కలోనే ఉంది. ఒక టన్ను మోటారును రెండు కాళ్ల స్లింగుతో నిటారుగా ఎత్తితే ఒక్కో కాలు మీద 500 కిలోల బరువు పడుతుంది. అదే స్లింగు నేలకు సమాంతరమైన గీతతో 45 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలు మీద దాదాపు 707 కిలోల లాగుడు వస్తుంది. 30 డిగ్రీలకు జారితే ఒక్కో కాలు మీదా పూర్తి టన్ను పడుతుంది. క్రేను మారలేదు, బరువు మారలేదు, కట్టిన తీరు మారింది. డెల్టా మిల్లుల్లో, షెడ్లలో ఈ కట్టుడు పని ఎక్కువగా హెల్పర్‌కు వదిలేస్తారు, అతని పేరు ఏ శిక్షణ పుస్తకంలోనూ కనిపించదు. తెగేది స్లింగే కనుక ఈ లోపాన్ని ముందుగా సరిదిద్దుకోవాలి.

గడువు, పునశ్చరణ: ఇతర దేశాల అనుభవం

ఒకసారి నేర్చుకున్నది ఎంతకాలం చెల్లుతుంది? దీనికి దేశాలు వేర్వేరు జవాబులిచ్చాయి. అమెరికాలో వృత్తి భద్రతా సంస్థ నియమం ప్రకారం ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ పనితీరును మూడేళ్లకు ఒకసారైనా మదింపు చేయాలి. యజమాని ఉంచవలసిన ధ్రువపత్రంలో ఆపరేటర్ పేరు, శిక్షణ తేదీ, మదింపు తేదీ, ఆ రెండూ చేసినవారి వివరం ఉంటే చాలు. నాలుగే అంశాలు కనుక చిన్న సంస్థ కూడా దీన్ని సులభంగా పాటించగలదు. మూడేళ్లు కాకపోయినా, ఆపరేటర్ ప్రమాదకరంగా నడిపినట్లు కనిపించినా, ప్రమాదం జరిగినా, త్రుటిలో తప్పినా, యంత్రం రకం మారినా, పని పరిస్థితులు మారినా మళ్లీ శిక్షణ ఇవ్వాలి. కాలెండరు గడువుకు సంఘటనల గడువు తోడవడం ఈ పద్ధతిలోని బలం.

బ్రిటన్‌లో 1998 నాటి ఎత్తుడు పనుల నిబంధనలు ప్రతి ఎత్తుడు పనికీ సమర్థుడైన వ్యక్తి ముందుగా ప్రణాళిక వేయాలని, దాన్ని పర్యవేక్షణలో జరపాలని చెబుతాయి. సింగపూర్‌లో 2011 నాటి క్రేన్ల నిబంధనలు ఎత్తుడు ప్రణాళికతో పాటు రిగ్గర్, సిగ్నల్‌మన్, లిఫ్టింగ్ సూపర్‌వైజర్ పాత్రలను విడివిడిగా నిర్వచించాయి. ఐఎస్ఓ 45001 ప్రమాణం 2018 నుంచి, సిబ్బంది సామర్థ్యానికి ఆధారంగా పత్రాలను భద్రపరచాలని సంస్థలను కోరుతోంది. గల్ఫ్ దేశాల పెద్ద ప్రాజెక్టుల్లో రిగ్గర్లుగా, క్రేను ఆపరేటర్లుగా పనిచేసి వచ్చిన తెలుగువారికి ఈ క్రమం కొత్త కాదు. అక్కడ బయటి సంస్థ పరీక్షించి ఇచ్చిన కార్డు, దాని మీది గడువు చూపనిదే గేటు దాటనివ్వని ప్రాజెక్టులున్నాయి. అలాంటి మనిషి ఊరికి తిరిగి వచ్చి హైడ్రా ఎక్కితే, అతని కార్డును ఎవరూ అడగరు, అతని అనుభవానికి విలువ కట్టే పుస్తకమూ ఉండదు.

అద్దె యంత్రం, కాంట్రాక్టు మనిషి

2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల సామర్థ్యం గల క్రేను, వినియోగంలోకి తేవడానికి ముందు జరుపుతున్న లోడ్ పరీక్షలో కూలిపోయింది. 11 మంది చనిపోయారు. వారిలో షిప్‌యార్డు ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు సంస్థల సిబ్బంది కూడా ఉన్నారు. కూలడానికి కారణం ఏదైనా, శిక్షణ రికార్డుల కోణంలో ఈ ఘటన ఒక విషయాన్ని ముందుకు తెచ్చింది: ఒకే యంత్రం మీద, దాని కింద, ఒకే సమయంలో వేర్వేరు యాజమాన్యాల మనుషులు ఉంటారు. ఎవరెవరు అక్కడ ఉండవచ్చు, ఒక్కొక్కరూ ఏ పనికి అర్హులు అన్న జాబితా ఒకే చోట, ఒకే బాధ్యుడి దగ్గర లేకపోతే, ప్రతి సంస్థా తన పుస్తకం సరిగా ఉందని చెప్పుకోగలదు, మొత్తం పనికి మాత్రం పుస్తకమే ఉండదు.

అత్యవసర వేళల్లో ఈ సమస్య మరింత పెరుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొని కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. తెనాలి, రేపల్లె ఆయకట్టుకు నీరిచ్చేది ఈ బ్యారేజీయే. ఆ పడవలను తీయడానికి భారీ క్రేన్లు తెప్పించినా మొదటి ప్రయత్నాలు ఫలించలేదు. ఇలాంటి పనికి మనుషులను గంటల్లో సమకూర్చుకోవాలి. ఆ గంటల్లో కూర్చుని శిక్షణ చరిత్ర ఆరా తీయడం కుదరదు. ముందే తయారై ఉన్న రికార్డు ఒక్కటే అక్కరకొస్తుంది.

అద్దెకు యంత్రం పిలిపించే యజమాని చేయదగినది ఇదీ: యంత్రం తనిఖీ పత్రంతో పాటు ఆపరేటర్ శిక్షణ పత్రం, వైద్య పరీక్ష తేదీ, రిగ్గర్ వివరం పని ఆర్డరులోనే అడగాలి. ప్రతులు తీసుకుని ఆ రోజు పని పుటకు జతచేయాలి. ఆవరణలోని ప్రత్యేక ప్రమాదాలను పది నిమిషాలు వివరించి, వివరించినట్లు సంతకం తీసుకోవాలి. ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులుంటే వారికి తెలిసిన భాషలో చెప్పాలి, ఏ భాషలో చెప్పారో రాయాలి. చదవలేని మనిషిని నోటి ప్రశ్నలతో, చేతి పనితో పరీక్షించవచ్చు. అర్థంకాని భాషలోని కాగితం మీద వేయించిన వేలిముద్ర శిక్షణ జరిగిందనడానికి రుజువు కాదు.

పుస్తకమా, కంప్యూటరా

పది మంది ఆపరేటర్లలోపు ఉన్న సంస్థకు కుట్టిన రిజిస్టరు, గోడ మీద ఒక పట్టిక సరిపోతాయి. పట్టికలో అడ్డంగా యంత్రాలు, నిలువుగా మనుషుల పేర్లు, కలిసిన గడిలో అనుమతి గడువు. షిఫ్టు మేస్త్రీ ఒక్క చూపుతో ఎవరికి ఏది ఇవ్వవచ్చో చెప్పగలగాలి. అంతకు మించితే కంప్యూటరులో పట్టిక పెట్టి, గడువుకు 60 రోజుల ముందు, 30 రోజుల ముందు గుర్తుచేసే ఏర్పాటు చేసుకోవాలి. ఏ పద్ధతిలోనైనా గడువు దాటిన రోజున ఆ మనిషి యంత్రం ఎక్కకుండా ఆపే అధికారం ఒకరికి పేరు చెప్పి అప్పగించి ఉండాలి. అది లేకపోతే హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, పని సాగుతూనే ఉంటుంది.

సర్టిఫికెట్ అసలుదో కాదో తేల్చుకోవడం మరో పని. జాతీయ నైపుణ్య చట్రానికి లోబడి ఇచ్చే సర్టిఫికెట్లను ఇచ్చిన సంస్థ దగ్గరే సరిచూసుకోవాలి. ఇ–శ్రమ్ కార్డులో రాసిన వృత్తి కార్మికుడు స్వయంగా చెప్పుకున్నదే కనుక అది సామర్థ్యానికి ఆధారం కాదు. అసలైన సర్టిఫికెట్ ఉన్నా, తన యంత్రం మీద తాను ఒకసారి పరీక్షించి చూసుకునే బాధ్యత యజమానిది.

రికార్డులను ఉద్యోగం ఉన్నంతకాలమూ, ఆ తర్వాత కొన్నేళ్లూ ఉంచాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రమాదం తర్వాత దావాకు రెండేళ్ల గడువు ఇచ్చింది, వివాదాలు అంతకన్నా ఎక్కువ కాలం సాగుతాయి. వైద్య వివరాల విషయంలో జాగ్రత్త అవసరం. పట్టికలో ‘యోగ్యుడు’, గడువు తేదీ మాత్రమే కనిపించాలి. జబ్బు వివరం అందరి కళ్లబడకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత కంప్యూటరులో ఉంచే రికార్డులకు ఇది మరింత వర్తిస్తుంది.

చిన్న సంస్థలకు సాధ్యమయ్యే దారి

ఒక్కో మిల్లు, ఒక్కో క్రేను యజమాని విడిగా శిక్షకుణ్ని పెట్టుకోలేరు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని మిల్లర్ల సంఘాలు, క్రేను యజమానులు, నిర్మాణ కాంట్రాక్టర్లు కలిసి ఏడాదికి రెండుసార్లు ఉమ్మడిగా శిక్షణ, పరీక్ష ఏర్పాటు చేసుకోవచ్చు. జాతీయ భద్రతా దినమైన మార్చి 4 ఒక తేదీగా పెట్టుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. ఐటీఐలు, ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకుల సాయం తీసుకోవచ్చు. అందరూ ఒకే నమూనా పుట వాడితే, ఒక యజమాని రాసింది మరో యజమానికి అర్థమవుతుంది.

అన్నిటికన్నా అవసరమైన మార్పు రికార్డు ప్రతిని కార్మికుడి చేతిలో పెట్టడం. బ్యాంకు పాస్‌బుక్‌లా ఒక చిన్న పుస్తకం ఆపరేటర్ దగ్గర, రిగ్గర్ దగ్గర ఉండాలి. ప్రతి యజమానీ తాను ఇచ్చిన శిక్షణ, చేసిన పరీక్ష అందులో రాసి, తేదీతో సంతకం చేయాలి. యంత్రం తనిఖీ పత్రం యంత్రంతో పాటు తిరుగుతుంది. ఊరూరా తిరిగే ఆపరేటర్ అర్హత పత్రం పాత యజమాని బీరువాలో ఉండిపోతే ఎవరికీ ఉపయోగం లేదు. పుస్తకం తన దగ్గరుంటే కార్మికుడికి తన నైపుణ్యానికి తగిన కూలి అడిగే ఆధారం దొరుకుతుంది, నేర్పని యంత్రాన్ని ఎక్కమన్నప్పుడు కాదని చెప్పే బలం దొరుకుతుంది. యజమానికి పిలిపించిన మనిషి ఎవరో తెలుస్తుంది. తనిఖీ అధికారికి అడిగిన చోటే జవాబు దొరుకుతుంది. దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఉన్న బాధ్యతలను మనిషి పేరుతో, తేదీతో, సంతకంతో రాయడం మొదలుపెడితే చాలు.